డాక్టరు పట్టము: ఒక రాజనీతి పాఠశాల చరిత్ర



మన పల్లెలలో డాక్టరు అనుమాట వినగానే నాడి చూచి మందిచ్చు మనిషి తలపునకు వచ్చును. వైద్యము బొత్తిగా నెఱుగని డాక్టర్లు కూడ లోకమున కలరు. ఊరికి వచ్చిన యొక యువకుని పేరునకు ముందు ఆ మాట చేర్చి చెప్పగా, ఏ ముసలమ్మయో తన మోకాలినొప్పి సంగతి యెత్తుటయు, అతడు తెల్లమొగము వేయుటయు వింతగాదు. నిజమునకు లాటిను భాషలో ఆ పదమునకు బోధించువాడని అర్థము. వైద్యులు దానిని తరువాత తమ సొంతము చేసికొనిరి. ఒక విషయమును తానుగా శోధించి, అంతవఱకెవ్వరును తెలియజెప్పని దానిని వెలికిదీసి, గ్రంథముగా వ్రాసి, పెద్దల యెదుట వాదించి నిలుపుకొన్నవానికి విశ్వవిద్యాలయము కట్టు పట్టము అది. ఆ గ్రంథమునే సిద్ధాంతవ్యాసమందురు.

పైరుల తెగుళ్లను గూర్చి శోధించిన రైతునకు లాభము. రోగములను గూర్చి శోధించిన రోగికి లాభము. రాజనీతిశాస్త్రమున శోధించిన నెవరికి లాభమని మీరడుగవచ్చును. రాజ్యమేలువారు ఏలుదురు, ఓటు వేయువారు వేయుదురు, మధ్య నీ పుస్తకముల చాకిరి యెందులకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దానికి యుక్తులతో బదులు చెప్పుటకంటె ఒక చరిత్ర చెప్పుట మేలని నాకు తోచినది. అమెరికాలో న్యూయార్కు నగరమునందు కొలంబియా యను విశ్వవిద్యాలయము కలదు. అందు 1880వ సంవత్సరమున నొక రాజనీతి పాఠశాల వెలసినది. అచ్చట చెప్పిన ఉపన్యాసములును, అచ్చట వ్రాసిన సిద్ధాంతవ్యాసములును, ఒకవైపున లక్షల జనులకు ఓటు లేకుండ జేయుట సబబే యను వాదమునకు ఊతకోల లైనవి. మఱియొకవైపున మన రాజ్యాంగపు ముసాయిదాను సిద్ధపఱచిన సంఘమున కధ్యక్షుడైన పురుషుడు ఆ పాఠశాలలోనే చదివెను. ఒకే నూతినీరు రెండు పొలములకు పాఱినది.

మొదట ఉపన్యాసమనగా నేమో చెప్పవలెను. ఐరోపాలోని ప్రాచీన విద్యాపీఠములలో ఆ పదమునకు చదువుట యని మాత్రమే యర్థము. అచ్చు పుట్టని కాలమున గ్రంథము వెల చాల యెక్కువ. గురువు పీఠముమీద గూర్చుండి గ్రంథము చదువుచు అర్థము చెప్పును, శిష్యులు వ్రాసికొందురు. మన పురాణకాలక్షేపమునకును దానికిని వాసి యంతగా లేదు. అచ్చు వచ్చిన తరువాత కూడ ఆ యలవాటు పోలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీదేశపు ఆచార్యులు దానికి వేఱొక పద్ధతిని జతపఱచిరి. బెర్లినులో రాంకే యను చరిత్రాచార్యుడు కొద్దిమంది శిష్యులను తన యింటికి రప్పించుకొని వారి ముందఱ పాత పత్రముల నుంచెడివాడు. ఇది యెవరు వ్రాసినది? ఎప్పుడు వ్రాసినది? తాను చూచి వ్రాసెనా, యెవరో చెప్పగా విని వ్రాసెనా? అబద్ధమాడిన నతనికి గలుగు లాభమేమి? ఇట్లు ప్రశ్నింప నేర్పుటయే చదువు. ఆ కూటమికి సెమినారని పేరు. ఆ మాట కూడ లాటిను నుండి వచ్చినదే. దానికి నారుమడి యని యర్థము. రైతులకు వేఱుగా వివరింప నక్కఱలేదు. నారుమడిలో నారెంత యేపుగా పెరిగినను అక్కడనే యుంచిన గింజ చేతికి రాదు. పీకి మఱియొక పొలములో నాటవలెను. ఏ పొలములో నాటుదురన్నదియే యీ కథయంతయు.

ఆ నారును అమెరికాకు తెచ్చినవారిలో జాన్ బర్జెస్ అనునాతడు ముఖ్యుడు. 1844లో టెన్నెసీ రాష్ట్రమున పుట్టెను. ఆ దేశమున బానిసత్వమును గూర్చి 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధమున ఉత్తరపు పక్షమున సిపాయిగా పనిచేసెను. ఒకనాటి రాత్రి పోరు ముగిసిన తరువాత తాను కావలి కాయుచు, గాయపడినవారి మూలుగులు వినుచు, మనుష్యులు కత్తిదూయక బుద్ధితో తగవులు తీర్చుకొను మార్గము నేర్చుటకును నేర్పుటకును బ్రతుకెల్ల వినియోగింతునని సంకల్పము చేసికొంటినని ముసలితనమున వ్రాసికొనెను. బ్రతికి బయటపడి చదువు ముగించి 1871లో జర్మనీకి పోయి రెండేండ్లు అచ్చటి విద్యాలయములలో చదివెను. 1876లో కొలంబియాలో ఆచార్యుడయ్యెను.

అక్కడ న్యాయవాద విద్యార్థులకు ఆయన చెప్పు పాఠములు రుచింపలేదు. వారికి కావలసినది వకీలు సన్నదు. ఈయన చెప్పునది రాజ్యములయొక్క పుట్టుక. అందుచేత ప్రత్యేక పాఠశాలయే కావలెనని పాలకవర్గమును వేధింప మొదలిడెను. 1880 జూనులో వారు సమ్మతించిరి. అప్పుడాయన పారిసు నగరమున నుండెను. తంతి యందగానే, అచ్చటి రాజనీతి విద్యాలయపు పద్ధతులను కనుగొని వచ్చి, అక్టోబరులో పాఠశాల తెఱచెను. కొలంబియాలో ఈ శాస్త్రపు పేరుతో ఆచార్యపదవి యంతకుముందే యుండెను. జర్మనీనుండి వలసవచ్చిన ఫ్రాన్సిస్ లీబరు 1857 మొదలు దానియందుండెను. యుద్ధములో సైనికులు పాటింపవలసిన నియమములను 1863లో వ్రాసిన పండితుడు ఆయనయే. అయినను శిష్యులను శోధకులుగా తీర్చు కార్ఖానా బర్జెస్‌తోనే ప్రారంభమైనది. 1886లో ఆ పాఠశాల యొక త్రైమాసపత్రికను వెలువరించెను. 1891 మొదలు శిష్యుల సిద్ధాంతవ్యాసములను వరుస గ్రంథమాలగా అచ్చువేయ సాగెను.

డాక్టరు పట్టమునకు వచ్చిన విద్యార్థి ఏండ్లతరబడి ఉపన్యాసములు వినవలెను, సెమినారులో పత్రములు చదువవలెను, ఫ్రెంచి, జర్మను భాషలలోని గ్రంథములు చదువగలుగవలెను, నోటిపరీక్షకు నిలువవలెను, సిద్ధాంతవ్యాసము వ్రాయవలెను. ఇన్నియు నైన తరువాత మఱియొక గడియ యుండెడిది. చాలకాలము కొలంబియాలో ఆ వ్యాసము అచ్చయి ప్రతులు దాఖలైననే గాని పట్టము చేతికి వచ్చెడిది కాదు. అచ్చు ఖర్చు తఱచుగా విద్యార్థి నెత్తిననే పడెడిది. పెండ్లి చేసి పిల్లను కాపురమునకు పంపక నిలిపియుంచినట్లు, పరీక్షలన్నియు గడిచి పట్టము లేనివారు కొందఱుండిరి. ఈ నియమమును గుఱుతుంచుకొనుడు. మనవాని కథలో మరల వచ్చును.

ఇక అసలు సంగతికి వచ్చెదను. అంతర్యుద్ధము ముగిసిన 1865లోనే అమెరికా రాజ్యాంగమునకు పదుమూడవ సవరణ చేసి బానిసత్వమును తీసివేసిరి. సుమారు 40 లక్షలమంది నల్లజాతివారు బానిసత్వమునుండి విడుదల పొందిరి. 1868 నాటి సవరణ వారిని పౌరులని ప్రకటించెను. 1870 నాటి సవరణ జాతిని బట్టి ఓటు నిరాకరింపరాదనెను. నిన్నటివఱకు సంతలో గొడ్డువలె అమ్ముడుపోయిన మనిషి నేడు పెట్టెలో చీటి వేసెను. దక్షిణ రాష్ట్రముల శాసనసభలలో నల్లవారు కూర్చుండిరి. మిసిసిపీ రాష్ట్రము 1870లో నొక నల్లజాతి పెద్దను దేశపు సెనేటుసభకు పంపెను. ఆ ప్రభుత్వములే దక్షిణ రాష్ట్రములలో ప్రజల సొమ్ముతో నడచు సార్వజనిక పాఠశాలలకు పునాదులు వేసినవి. లంచములును, దుబారాయును లేకపోలేదు. ఆ కాలమున ఉత్తర నగరములలోను అవి కొల్లలే. తెల్లదొరల ముసుగు ముఠాలు రాత్రులయందు నల్లవారి యిండ్లపై బడి కొట్టి చంపి ఓటువేయకుండ బెదరించెడివి. 1877 నాటికి కేంద్రప్రభుత్వము చేయి వెనుకకు తీసికొనెను. పునర్నిర్మాణకాలమని చెప్పబడు ఆ పండ్రెండేండ్ల ప్రయత్నము కూలినది. 1890లో మిసిసిపీవారు క్రొత్త రాజ్యాంగము వ్రాసి, తలపన్ను చెల్లించినవాడును, రాజ్యాంగములోని భాగమును చదివియో విని అర్థము చెప్పియో అధికారిని మెప్పించినవాడును మాత్రమే ఓటరనిరి. మెప్పు పొందవలసినది యెవరి దగ్గఱనో మీరే యూహింపవచ్చును. తక్కిన దక్షిణ రాష్ట్రములు అదే బాట పట్టినవి.

ఈ కాలపు చరిత్రను శాస్త్రీయముగా వ్రాయవలెనని సంకల్పించినవాడు కొలంబియాలో బర్జెస్ శిష్యుడును, తరువాత అచ్చటనే ఆచార్యుడును అయిన విలియం డన్నింగు. ఆయన దక్షిణాదివాడు కాడు, న్యూజెర్సీలో పుట్టెను. 1885లో కొలంబియాలోనే డాక్టరు పట్టమందెను. ఓర్పుగలవాడు, శిష్యులయందు వాత్సల్యము గలవాడు. ఆయన కీర్తి విని దక్షిణాది యువకులనేకులు ఆయన సెమినారునకు చేరిరి. ఒక్కొక్కరొక్కొక్క రాష్ట్రమును పంచుకొనిరి. గార్నరు మిసిసిపీని గూర్చియు, ఫ్లెమింగు అలబామాను గూర్చియు, రామ్స్‌డెల్ టెక్సాసును గూర్చియు, హామిల్టను ఉత్తర కరోలినాను గూర్చియు గ్రంథములు వ్రాసిరి. 1901 మొదలు పదునైదేండ్లలో నిట్టివి వరుసగా వెలువడెను. పత్రములు, వార్తాపత్రికలు, శాసనసభల కార్యక్రమములు, పెద్దకమతగాండ్ర ఉత్తరములు వారు తవ్వి తీసిరి. అడుగడుగున ఆధారము చూపిరి. ఆ శ్రమను నేను తక్కువ చేసి చెప్పను. అందలి వివరములు కొన్ని నేటికిని ఉపయోగపడుచున్నవి. జార్జియానుగూర్చి వ్రాసిన మిల్డ్రెడ్ థాంప్సన్ వంటివారు కొంత సమదృష్టి చూపిరి కూడ.

కాని యా గ్రంథములలో పెక్కింటి తేల్పు ఒక్కటియే: నల్లవారికి ఓటిచ్చుట పొరపాటు, వారు స్వపరిపాలనకు తగరు, తెల్లవారు మరల అధికారము గైకొనుట విడుదల. ఈ తేల్పు పత్రములనుండి వచ్చినదా, పత్రములు తెఱవకముందే మనస్సులో నుండెనా? పాఠశాల స్థాపకుడగు బర్జెస్ తానే జర్మనుజాతి మొదలగు ట్యూటను జాతులే రాజ్యము నిర్మింపగలవని బోధించువాడు. యుద్ధభూమిలో ఆ సంకల్పము చేసికొన్నవాడే యీ మాట చెప్పెనన్న విచారము కలుగును.

రాంకే యడుగుమన్న ప్రశ్నలను వారు నల్లవారి మాటయెడల గట్టిగా నడిగిరి. తెల్లదొర యుత్తరముయెడల అంత గట్టిగా నడుగలేదు. సాక్ష్యము దొరకలేదందురా, అదియు కాదు. ముసుగు ముఠాల దౌర్జన్యములను విచారించుటకు అమెరికా కాంగ్రెసు నియమించిన సంఘము 1872లో 13 సంపుటములు ప్రకటించెను. దెబ్బలు తిన్న నల్లజాతి స్త్రీపురుషులు ప్రమాణముచేసి చెప్పిన వాఙ్మూలములు వందలకొలది అందు అచ్చయి యున్నవి. పుస్తకము బీరువాలో నున్నది. దానిని సాక్ష్యముగా నెంచలేదు.

మన పూర్వపు కరణము లెక్కలు ఎఱిగిన పెద్దలకు ఈ సంగతి సులభముగా బోధపడును. అడంగలులో భూమి యెవరిపేర నున్నది, శిస్తు ఎంత, పైరు ఏమి యని యుండెడిది. దున్నిన పాలేరు పేరు ఏ కాలములో నుండెడిది? ఆ లెక్క అబద్ధము కాదు. కరణీకములు 1984లో ఆంధ్రప్రదేశమున రద్దయినవి గాని పాత దస్త్రములు కొన్ని నిలిచియున్నవి. రేపు ఏ విద్యార్థియో ఆ దస్త్రములు మాత్రమే చదివి మీ యూరి చరిత్ర వ్రాసిన, ఊరిలో సగముమంది అందు పుట్టనే పుట్టరు. అట్టి విద్యార్థి మీ వాకిటికి వచ్చినప్పుడు అరుగుమీద గూర్చుండబెట్టి కాగితములు చూపుడు. తరువాత మాలపల్లెలోను మాదిగవాడలోను ఉన్న వృద్ధులయొద్దకు కూడ తోడుకొని పొండు.

పుస్తకము పుస్తకముగా నుండిన నింత ముప్పు లేకపోవును. డన్నింగు శిష్యులు విద్యాలయములలో ఆచార్యులైరి. వారి తేల్పు బడిపిల్లల వాచకములలోనికి దిగినది. 1915లో ముసుగు ముఠాలను వీరులుగా చూపు నొక మూకీ చలనచిత్రము దేశమంతట ఆడినది. విద్వాంసులు చెప్పినది వీధిజనుల కన్నులకు కట్టినది. ఓటు తీసివేసిన రాష్ట్రముల పెద్దలకు, చరిత్రయే మాకు సాక్షి యని చెప్పుకొను ధైర్యము చిక్కినది. డాక్టరు పట్టముల వలన నెవరికి లాభమన్న ప్రశ్నకు ఇది యొక చేదు సమాధానము.

దీనికి ఎదురునిలిచిన వాడు డబ్ల్యు. ఇ. బి. డూబాయిస్. నల్లజాతివాడు. ఆయనయు బెర్లినులో రెండేండ్లు చదివెను. అక్కడి డాక్టరు పట్టమునకు గడువు చాలక, ధనసహాయము ఆగిపోయి, తిరిగివచ్చి 1895లో హార్వర్డునుండి పట్టము పొందెను. అచ్చట ఆ పట్టమందిన మొదటి నల్లజాతివాడు ఆయనయే. 1909 డిసెంబరులో న్యూయార్కులో జరిగిన చరిత్రపరిషత్తునందు, పునర్నిర్మాణకాలమువలన దేశమునకు గలిగిన మేళ్లను గూర్చి ప్రసంగించెను. మర్యాదగా విని ఊరకుండిరి. వాచకములు మాఱలేదు. పాతికేండ్లకు పైగా పట్టువిడువక 1935లో నల్లజాతివారి పునర్నిర్మాణమను పెద్దగ్రంథము వెలువరించెను. దక్షిణాది దస్త్రశాలల తలుపులు నల్లవానికి సులభముగా తెఱచుకొనునవి కావు; అందుచేత అచ్చయిన ఆధారములపైననే ఎక్కువగా ఆధారపడవలసివచ్చెను. చివరి ప్రకరణమున కొలంబియా గ్రంథములను పేరుపేరున విచారించి, ఇది చరిత్రగాదు ప్రచారమని తీర్పుచెప్పెను. ఆ తీర్పును విద్వల్లోకము అంగీకరించుటకు మఱి ముప్పదియేండ్లు పట్టినది. చిత్రమేమనగా, ఆ కాలమును గూర్చి యిప్పుడు ప్రామాణికముగా నెంచబడు 1988 నాటి గ్రంథమును వ్రాసిన ఎరిక్ ఫోనరు కూడ కొలంబియా వాడే. అచ్చటనే పట్టమంది, అచ్చటనే ఆచార్యుడయ్యెను.

పాఠశాలయంతయు ఒకే రంగు అని తలపవద్దు. అక్కడనే చార్లెస్ బేర్డు అను రాజనీత్యాచార్యుడుండెను. అమెరికా రాజ్యాంగమును 1787లో వ్రాసిన మహనీయులు ఏ యే ఆస్తులు గలవారు, ప్రభుత్వ ఋణపత్రములు ఎవరివద్ద నెన్ని యుండెను, రాజ్యాంగమువలన వాని వెల పెరిగెనా యని శోధించి 1913లో గ్రంథము వ్రాసెను. ఖజానాలోని పాత చిఠ్ఠాలపై దుమ్ము ఎంత పేరుకొనెననగా, దుమ్ము పీల్చు యంత్రము తెప్పించినగాని వానిని చదువ వీలుకాలేదట. పూజ్యులను లెక్కచూపుమన్నందుకు దేశమున గగ్గోలు పుట్టెను. ఆయన లెక్కలలో తప్పులున్నవని 1956లోను 1958లోను వేఱు పండితులు గ్రంథములు వ్రాసిరి. 1917లో యుద్ధమును వ్యతిరేకించిన సహాచార్యులను విద్యాలయము తొలగింపగా బేర్డు తన కొలువునకు రాజీనామా యిచ్చి పోయెను. ఋణపత్రములకంటె ఆ రాజీనామాయే నాకు పెద్దదిగా గనబడుచున్నది.

1913 జూలైలో ఆ పాఠశాలకు మహారాష్ట్రమునుండి ఇరువదిరెండేండ్ల యువకుడు వచ్చెను. పేరు భీమరావు రాంజీ అంబేద్కరు. బరోడా మహారాజగు సయాజీరావు గైక్వాడు నెలకు పదకొండున్నర పౌనుల చొప్పున మూడేండ్లకు వేతనమిచ్చెను. స్వదేశమున బడిలో గోనెపట్టాపై దూరముగా గూర్చుండి, కుండనీరు ముట్టరాక పెరిగిన బాలుడు, ఇచ్చట గ్రంథాలయమున ఎవ్వరితోనైన సమముగా ఒకే బల్లకడ గూర్చుండెను. అంతటి ఆకలితో చదివినవారు అరుదు. ఆయన చేరిన తరగతులు అర్థశాస్త్రమున 29, చరిత్రలో 11, సమాజశాస్త్రమున 6, తత్త్వశాస్త్రమున 5, మానవశాస్త్రమున 4, రాజనీతిలో 3 అని పాత పట్టికలు చెప్పుచున్నవి. 1916 మే 9న మానవశాస్త్రపు సెమినారులో భారతదేశమునందలి కులములను గూర్చి ప్రసంగవ్యాసము చదివెను. గురువులందు ఎడ్విన్ సెలిగ్మన్ అను అర్థశాస్త్రాచార్యుడు ముఖ్యుడు; పన్నులశాస్త్రమున ఆయన మాట ప్రమాణము.

ఆ గురువు క్రింద అంబేద్కరుగారు వ్రాసిన సిద్ధాంతవ్యాసము విషయము వినుటకు నీరసముగానే యుండును: బ్రిటిషు ఇండియాలో రాష్ట్రముల ఆదాయవ్యయములు. కాని దాని గుట్టు పల్లెకు చాల దగ్గఱిది. 1833 నాటి శాసనముతో దేశమందలి సొమ్మంతయు కలకత్తా ప్రభుత్వముచేత జిక్కినది. క్రొత్త కొలువు నొకదానిని పెట్టవలెనన్నను మద్రాసు గవర్నరు కలకత్తా యనుమతి వేడవలెను. పన్ను వసూలుచేయువాడొకడు, ఖర్చుచేయువాడొకడు, అనుమతించువాడొకడు. పొదుపుచేసిన రాష్ట్రమునకు ప్రయోజనము లేదు, మిగిలిన సొమ్ము కలకత్తాకే పోవును. గట్టిగా నఱచిన రాష్ట్రమునకు గట్టిగానే ముట్టును. ఉమ్మడి కుటుంబమున పొదుపరి కోడలికిని దుబారా కోడలికిని ఒకే కొట్టుగది యైనట్లు. 1870 డిసెంబరులో మేయో ప్రభువు కారాగారములు, పోలీసు, విద్య, వైద్యము, బాటలు మొదలగు శాఖలను కొంత మొత్తముతో రాష్ట్రములకు అప్పగించెను. 1877 నుండి కొన్ని పన్నులనే విడిచిరి. 1882 నుండి కొన్ని పన్నులను పంచుకొనిరి. ఈ మూడు మెట్లను అంబేద్కరుగారు లెక్కలతో విప్పి చూపి, ఇది చూచుటకు పంపకమే గాని చట్టప్రకారము రాష్ట్రములకు సొంత సొమ్మన్నదే లేదని తేల్చిరి.

1916లో ఆ వ్యాసమునకు తొలిరూపు సిద్ధమైనది. ఆ యేడే లండను చేరి అచ్చటను చదువ మొదలిడిరి. బరోడా వేతనపు గడువు తీఱి 1917లో తిరిగి రావలసివచ్చెను. వేఱుగా పంపిన పుస్తకముల ఓడను యుద్ధకాలమగుటచే జర్మనులు ముంచివేసిరి. బరోడాలో కొలువు చేరిన యీ పండితునకు ఊరిలో ఇల్లు దొరకలేదు, అంటరానివాడని వెడలగొట్టిరి. మరల సొమ్ము కూర్చుకొని లండను పోయి 1923లో రూపాయి సమస్యను గూర్చిన గ్రంథమునకు అచ్చటి డాక్టరు పట్టమందిరి. కొలంబియా వ్యాసము, ముందు చెప్పిన అచ్చు నియమమువలన, 1925 వఱకు ఆగినది. ఆ యేట లండనులో సెలిగ్మన్ పీఠికతో, గైక్వాడుగారికి అంకితముగా వెలువడెను. పట్టము 1927లో చేతికందెను. వ్యాసమునకును పట్టమునకును నడుమ పదునొకండేండ్లు.

ఇప్పుడు రెండు కథలును కలియుచోటు చూడుడు. ఓటు చదువుకొన్నవానికే, ఆస్తిగలవానికే యను వాదము మన దేశమునను బలముగా నుండెను. 1919లో సౌత్‌బరో సంఘము ముందఱ సాక్ష్యమిచ్చుచు అంబేద్కరుగారు అస్పృశ్యులకు ఓటర్హత మిక్కిలి తగ్గింపవలెననిరి; 1929 నాటికి వయోజనులందఱికిని ఓటు కావలెనని వ్రాసిరి. చదువు వచ్చిన తరువాత ఓటనుట కాదు, ఓటు వేయుటయే యొక చదువు అన్నది వారి తలంపు. డన్నింగు శిష్యుల వాదమునకు సూటిగా ఎదురైన వాదమిది. 1946లో డూబాయిస్‌కు జాబు వ్రాసి, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకొన్న అర్జీ ప్రతులు కోరిరి. అస్పృశ్యుల స్థితికిని వారి స్థితికిని పోలిక చాల కలదనిరి. జూలై 31న డూబాయిస్ సానుభూతితో బదులు వ్రాసెను.

1947లో రాజ్యాంగసభకొఱకు అంబేద్కరుగారు సిద్ధపఱచిన విజ్ఞాపనపత్రము, రాష్ట్రములు అల్పసంఖ్యాకులు అనునది, యొకటి కలదు. అందు కులమునుబట్టి మనిషికి మనిషికి భేదముగా నడువరాదను నిబంధన వ్రాసి, ఇది అమెరికావారి 1866, 1875 నాటి పౌరహక్కుల చట్టములనుండి తీసికొన్నదని వివరణమున చెప్పిరి. ఆ రెండును పునర్నిర్మాణకాలపు చట్టములు. రెండవదానిని అమెరికా సుప్రీంకోర్టు 1883లోనే కొట్టివేసెను. కొలంబియా గ్రంథములు తెలివిమాలిన కాలమని త్రోసిపుచ్చిన కాలమునందలి చట్టమును, కొలంబియా విద్యార్థి పెట్టెలోనుండి తీసి దుమ్ము దులిపి మన దేశమునకు తెచ్చిరి. ఏ తరగతిలో, ఏ పుస్తకమున అది వారి కంటబడెనో నేను చెప్పజాలను. సిద్ధాంతవ్యాసమునందలి ప్రతి వాక్యమును రాజ్యాంగమునందు వెదకుటయు తగదు. అయినను, కేంద్రమునకును రాష్ట్రములకును పన్నుల పంపకమును అయిదేండ్లకొకసారి సరిచూచు ఆర్థికసంఘమును రాజ్యాంగపు 280వ అధికరణమునందు చదువునప్పుడు, పంపకము చట్టములోనే యుండవలెనని 1925లో వ్రాసిన చేయి జ్ఞప్తికి రాకపోదు.

ముసాయిదా సంఘము 1947 ఆగస్టు 29న ఏర్పడినది. రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చెను. 1952 ఫిబ్రవరి నాటికి మొదటి సార్వత్రికపు టెన్నికలు ముగిసెను. ఓటర్ల పట్టికలో 17 కోట్ల పైచిలుకు పేర్లు. అందధికసంఖ్యాకులు అక్షరము రానివారు. ఆ యేడే జూన్ 5న కొలంబియా విశ్వవిద్యాలయము అంబేద్కరుగారిని పిలిచి గౌరవ డాక్టరు పట్టము కట్టెను. 1953 జనవరిలో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయము తన గౌరవపట్టము నిచ్చెను. ఆనాటికి అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లవారు పెక్కుమంది ఓటుపెట్టె దగ్గఱకు పోలేకుండిరి. వారికి ఆ త్రోవ తెఱచిన చట్టముపై సంతకము 1965 ఆగస్టు 6న బడినది.